మల్లిపట్టణం దగ్గర మనోరా

ఇంటికి దగ్గరనున్న చోటు చూడటానికి ఎప్పుడూ తీరిక దొరకదు. కాశీకి పోయివచ్చినాము, పండరిపురం చూచినాము, తిరుపతి సంగతి చెప్పనే అక్కరలేదు. తంజావూరునుండి రెండు గంటల దారిలో, సముద్రపు ఒడ్డున ఉన్న మనోరాను మాత్రం ఇన్నేళ్ళుగా చూడలేదు. పట్టుక్కోట వైపు పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఎన్నిమార్లు పోలేదు! ప్రతిసారీ "వచ్చేటప్పుడు చూద్దాం" అనుకోవడం, వచ్చేటప్పటికి పొద్దుపోవడం, ఇంటిముఖం పట్టడం. ఇదే వరుస.

చివరకు ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన మరుసటి ఆదివారం మా పెద్దమ్మ పట్టుపట్టినది. ఆమెకు ఎనభై దాటినవి. చిన్ననాడు తండ్రి వెంట ఒకసారి అక్కడికి పోయినదట.

"ఆ గోపురం దగ్గర రాతిమీద మన అక్షరాలు ఉన్నాయని మా నాయన వేలుపెట్టి చూపించినాడు. నాకప్పుడు చదవరాదు, ఇప్పుడూ రాదు. మీలో ఎవరైనా చదివి చెబితే వింటాను. ఇంక ఎన్నాళ్ళుంటానో ఏమో" అన్నది.

పెద్దమ్మ మాట్లాడేది తెలుగు, వ్రాసేది తమిళం. మనవంటి ఇళ్ళలో ఇది వింత కాదు. వంటింట్లో తెలుగు, పచారుకొట్టు పద్దు తమిళంలో, పిల్లల చదువు ఇంగ్లీషులో. కర్ణాటకంలో, ఒడిశాలో ఉన్న మన పాఠకుల ఇళ్ళలో తమిళానికి బదులు కన్నడమో ఒడియానో ఉండవచ్చును. అంతే భేదము. మాలో తెలుగు అక్షరాలు వచ్చినవారము ఇద్దరమే ఉన్నాము. అదీ పెద్దలు పలకమీద దిద్దించిన చదువు, బడిలో నేర్చినది కాదు. పిల్లలకు ఆ పాటి కూడ లేదు. పెద్దమ్మ మాట వినగానే మాకు సంతోషంతోపాటు కొంచెం భయం కూడ కలిగినది. తీరా అక్కడికి పోయి మేమే చదవలేకపోతే?

ఉదయం ఆరింటికి వ్యానులో తొమ్మండుగురం బయలుదేరినాము. పులిహోర, పెరుగన్నం, మాగాయ ముక్కలు, నీళ్ళ కూజా, పెద్దమ్మకు మడతకుర్చీ, అన్నీ సర్దుకొన్నాము. కల్లణై కాలువ నీరు పారే పొలాల నడుమగా దారి. సుమారు ఇరవైమూడు కిలోమీటర్లు పోగానే ఒరత్తనాడు వచ్చినది. అక్కడ ముక్తాంబాపురం సత్రము ఉన్నది. తంజావూరును ఏలిన మరాఠా రాజు రెండవ శరభోజి, తనకు ప్రియమైన ముక్తాంబ చనిపోగా ఆమె పేరు నిలవడానికి 19వ శతాబ్ది ఆరంభంలో దానిని కట్టించినాడు. బాటసారులకు అన్నం పెట్టడమే కాదు, పిల్లలకు చదువు కూడ చెప్పించేవారు. ఆ సత్రం కట్టిన రాజే మనోరా కట్టించినవాడు. అందుచేత దారిలోనే ఒకసారి దిగి, ఆ రాతి స్తంభాలను చూచి, మళ్ళీ బండి ఎక్కినాము.

పట్టుక్కోట దాటిన తరువాత కొబ్బరితోటలు మొదలైనవి. 2018 నవంబరు 16వ తేదీన వచ్చిన గజ తుఫాను ఈ ప్రాంతపు తోటలను నేలమట్టం చేసినది. ఏళ్ళ తరబడి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోయినవి. ఇప్పుడు దారికి ఇరువైపులా ముసలిచెట్లు అక్కడొకటి ఇక్కడొకటి, వాటి నడుమ లేతచెట్లు బారులు తీరి కనిపించినవి. పెద్దమ్మ వాటిని చూచి, "తాత ఒకచోట, మనుమలు నలుగురూ చుట్టూ నిలబడినట్టున్నది" అన్నది.

సముద్రపు వాసన తగిలిన కొంతసేపటికి చెట్ల తలలమీదుగా గోపురం కనబడినది. అంతస్తు మీద అంతస్తుగా, అంతస్తుకొక చూరుతో, పైకి పోనుపోను సన్నబడుతూ ఉన్నది. దేవాలయ గోపురం కాదు, మసీదు మినారు కాదు, దొరల దీపస్తంభమూ కాదు. మూడింటి పోలికా కొంచెం కొంచెం ఉన్నది. మా చిన్నవాడికి పదేళ్ళు. వాడు దానిని చూచి, "అవ్వా, ఇది పెళ్ళి కేకులాగ ఉంది!" అన్నాడు. అందరమూ నవ్వినాము.

దగ్గరికి పోయి చూచినాము. ఆరు మూలల గోపురం, ఎనిమిది అంతస్తులు, ఎత్తు సుమారు 75 అడుగులు. వంపు తిరిగిన కిటికీలు, లోపల చుట్టుమెట్లు, బయట ప్రహరీ, అగడ్త. రాతికట్టడమని అందరూ అంటారు. దూరంనుండి చూస్తే అట్లాగే తోస్తుంది. నిజానికి ఇది ఇటుకా సున్నమూ కలిపి కట్టినది. తంజావూరు ప్రాంతంలో మరాఠా రాజుల కట్టడాలు చాలావరకు అటువంటివే. రాళ్ళు ఏవంటే శాసనపు పలకలు. మేము వచ్చినది వాటికోసమే.

ఆ శాసనము ఐదు భాషలలో ఉన్నది: ఇంగ్లీషు, మరాఠీ, తమిళం, తెలుగు, ఉర్దూ. పెద్దమ్మకు కుర్చీ వేసి, మేమిద్దరము తెలుగు పలక ముందు నిలబడినాము. నేటి అచ్చు అక్షరాలకు అలవాటుపడిన కంటికి రెండువందల ఏండ్లనాటి చెక్కుడు అక్షరాలు వెంటనే లొంగవు. ఒకరు ఒక అక్షరం పట్టుకొంటే మరొకరు పక్కదానిని పట్టుకొని, కూడబలుక్కొంటూ, తప్పినచోట వెనక్కు వచ్చి మళ్ళీ మొదలుపెడుతూ చదివినాము. అర్థం కానిచోట ఇంగ్లీషు పలకను చూచి తేల్చుకొన్నాము. మన భాషలోని మాట తెలుసుకోవడానికి ఇంగ్లీషును అడగవలసి వచ్చినందుకు సిగ్గే కలిగినది. దాచడమెందుకు?

దాని సారాంశం ఇది: ఇంగ్లీషు ప్రభుత్వానికి మిత్రుడైన శరభోజి మహారాజు, ఇంగ్లీషువారి విజయానికీ బోనపార్టు పతనానికీ గుర్తుగా ఈ స్తంభాన్ని నిలిపినాడు. సంవత్సరం 1814.

పెద్దమ్మ కొంతసేపు ఊరకున్నది. "బోనపార్టు ఎవరు?" అని అడిగినది.

చెప్పినాము. ఫ్రాన్సు దేశపు చక్రవర్తి, యూరోపంతా గడగడలాడించినవాడు, చివరకు ఓడి దీవిలో ఖైదుగా చనిపోయినాడు అని.

"వాడు మన రాజుకేం చేసినాడు?" అని మళ్ళీ అడిగినది.

ఈ ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయినది. తిరుగుదారిలోనూ, ఇంటికి వచ్చిన తరువాతనూ దీనిగురించే మాట్లాడుకొన్నాము.

మొదట ఒక చిన్న సవరణ. వాటర్లూ యుద్ధంలో నెపోలియను ఓడిన సంతోషంతో ఈ గోపురం కట్టినారని చాలామంది చెబుతారు. పలకమీద ఉన్న సంవత్సరం 1814. వాటర్లూ జరిగినది 1815 జూన్ 18న. కాబట్టి శాసనం చెప్పే పతనం 1814 ఏప్రిల్ నాటిది. ఆ నెలలోనే నెపోలియను సింహాసనం వదలుకొని ఎల్బా దీవికి పోయినాడు. ఆ రోజులలో యూరోపు వార్త ఆఫ్రికా చుట్టివచ్చే ఓడలలో నెలల తరబడి ప్రయాణించి చెన్నపట్నం చేరేది. ఇక్కడ సంబరం చేసుకొని గుర్తు నిలుపుతూండగానే అక్కడ ఆ మహానుభావుడు 1815 ఫిబ్రవరిలో దీవి దాటి తిరిగివచ్చి, మళ్ళీ దండు కూర్చుకొన్నాడు. వాటర్లూలో రెండవసారి ఓడకపోయినట్లయితే ఈ పలకను ఏమి చేసేవారో!

ఇక పెద్దమ్మ ప్రశ్న. శరభోజికి బోనపార్టు చేసిన అపకారం ఏదీ లేదు. కాని కంపెనీవారు చేసిన ఉపకారమూ, దాని ఖరీదూ ఉన్నవి. శరభోజి 1777లో పుట్టినాడు. తుళజాజీ మహారాజుకు దత్తపుత్రుడు. తుళజాజీ పోయిన తరువాత గద్దె అమరసింగుకు పోగా, ఈ కుర్రవాడిని ష్వార్జు అనే జర్మను పాదిరీ సాకి చదువు చెప్పించినాడు. 1798లో కంపెనీవారు శరభోజిని గద్దెమీద కూర్చోబెట్టినారు. 1799లో ఒక ఒడంబడిక వ్రాయించుకొని రాజ్యపాలన మొత్తం తమ చేతిలోకి తీసుకొన్నారు. ఆయనకు మిగిలినది తంజావూరు కోట, కొంత భరణం, రాజు అనే బిరుదు. యుద్ధం చేయడానికి సేన లేదు, ఏలడానికి దేశం లేదు.

చేతిలో ఉన్న డబ్బునూ తెలివినీ ఆయన వేరేవిధంగా ఖర్చుపెట్టినాడు. సరస్వతీ మహలు గ్రంథాలయాన్ని పెంచినాడు. అందులో తెలుగు తాళపత్రాలు ఎన్ని ఉన్నవో మన వారందరికీ తెలియవలసినది. దేవనాగరి అచ్చుకూటం పెట్టించినాడు. వైద్యం చేయించి, పనిచేసిన మందులను వ్రాయించి ఉంచినాడు. తమ భోసల వంశచరిత్రను పెద్దకోవెల గోడలమీద మరాఠీలో 1803లో చెక్కించినాడు. ఇంత తెలివిగలవాడు, పరాయివాడి విజయానికి సముద్రపు ఒడ్డున గుర్తు నిలుపుతున్నప్పుడు తన స్థితి తెలియకుండా ఉంటాడా? మిత్రుడు అని వ్రాయించుకొనడమే ఆయనకు మిగిలిన మర్యాద కాబోలు. 1832లో శరభోజి పోయినాడు. కొడుకు శివాజీ 1855లో మగసంతానం లేక చనిపోగా, పలకలో పేర్కొన్న ఆ మిత్రులే తంజావూరు రాజ్యాన్ని తమలో కలిపేసుకొన్నారు. గోపురం లేచిన నలభై ఏండ్లకే ఈ సంగతి జరిగినది.

బోనపార్టు పతనం మనవారిలో ఒక్క ఊరికి మాత్రం నిజంగా తగిలినది. ఆ యుద్ధకాలంలో ఇంగ్లీషువారి చేతికి పోయిన పుదుచ్చేరి, యానాం మొదలైన స్థలాలు 1814లో జరిగిన పారిస్ సంధి ప్రకారం మళ్ళీ ఫ్రెంచివారి వశమైనవి. యానాంలోని మన పాఠకులు ఆ తరువాత ఫ్రెంచి జెండా క్రింద ఎంతకాలం గడిపినారో వారికే తెలుసును. వారి ఊరి చరిత్రనూ మా మల్లిపట్టణపు గోపురాన్నీ ఒకే సంవత్సరం కలుపుతున్నదని మాకు ఆ రోజు వరకు తోచనేలేదు.

ఇప్పుడు పేరు సంగతి. వ్యానులో వచ్చేటప్పుడు మాలో కొందరు "మనోహరం" అన్నమాటే నోట నలిగి "మనోరా" అయినదని వాదించినారు. చూడటానికి మనోహరంగానే ఉన్నది గనుక ఎవరూ కాదనలేదు. కాని అసలు సంగతి అది కాదు. ఇంగ్లీషు పలకలో దీనిని స్తంభము అన్నారే తప్ప వేరే పేరు పెట్టలేదు. పక్కనున్న ఊరికి రాజు పేరుమీదుగా శరభేంద్రరాజపట్టణం అని నామకరణం జరిగినది. జనం మాత్రం గోపురాన్నీ, చుట్టుపట్ల రేవునూ కలిపి మనోరా అన్నారు, ఈనాటికీ అదే అంటున్నారు.

మహారాష్ట్రంలో స్థిరపడిన మన పాఠకులు ఈపాటికి నవ్వుకొంటూ ఉంటారు. మరాఠీలో మనోరా అంటే ఎత్తైన గోపురం, అంతే. పట్నంలో నిలబెట్టిన ఏ గోపురమైనా వారికి మనోరాయే. ఆ మాటకు మూలం అరబ్బీ. దీపం ఉండే చోటు అని అర్థం. నార్ అంటే నిప్పు, నూర్ అంటే వెలుగు, ఆ కుదురులోనిదే. మనకు బాగా తెలిసిన మినారు కూడ అక్కడిదే. 1591లో కట్టిన హైదరాబాదు చార్మినారూ, మా ఊరివైపు మనోరా, పేరును బట్టి అక్కచెల్లెళ్ళన్నమాట. అరబ్బు ఎడారిలో పుట్టిన మాట, మరాఠా రాజు నోట పడి, తమిళ పల్లెకారుల వాడుకలో నిలిచిపోయినది. ఓడలకు దారిచూపే దీపంగా కూడ ఈ గోపురం పనిచేసిందని చెబుతారు. అదే నిజమైతే రాజు పెట్టించిన వ్రాత కంటె జనం పెట్టిన పేరే దానికి ఎక్కువ తగినది.

ఇటువంటిదే మరొక కథ ఉన్నది, అదీ బోనపార్టుకు సంబంధించినదే. ఆయన పుట్టినది కోర్సికా దీవిలో. ఆ దీవి ఒడ్డున మోర్తెల్లా అనే చోట ఒక గుండ్రని రాతి బురుజు ఉండేది. 1794లో రెండు ఇంగ్లీషు యుద్ధనౌకలు దానిమీద ఫిరంగులు పేల్చి, తామే దెబ్బతిని వెనుదిరిగినవి. నేలమీదికి ఫిరంగులు దించి కొట్టిన తరువాతగాని అది లొంగలేదు. ఆ గట్టితనం చూచి ఇంగ్లీషువారు, నెపోలియను తమ దేశంమీదికి వస్తాడన్న భయంతో, 1805 మొదలు తమ దక్షిణతీరం పొడుగునా అటువంటి బురుజులనే కట్టుకొన్నారు. పేరు మాత్రం సరిగా పలకలేక మార్టెల్లో అన్నారు. మోర్తెల్లా అంటే ఒక పొద పేరు, మార్టెల్లో అంటే ఇటలీ భాషలో సుత్తి! అక్కడ ఆయన వస్తాడని భయపడి కట్టినారు, ఇక్కడ ఆయన పోయినాడని సంతోషించి కట్టినారు. రెండుచోట్లా కట్టినవారి ఉద్దేశం పుస్తకాలకెక్కినది, పేరు మాత్రం జనం నోట ఎట్లా తిరిగితే అట్లా నిలిచినది.

మధ్యాహ్నం భోజనాలు చెట్టునీడన అయినవి. ఎదుట సముద్రం చెరువులాగ నిశ్చలంగా ఉన్నది. ఇది పాక్ జలసంధి ప్రాంతం, లోతు తక్కువ, పెద్ద అలలు రావు. ఈ సముద్రానికి పేరు కూడ 1763 నుండి 1767 వరకు చెన్నపట్నం గవర్నరుగా ఉన్న రాబర్టు పాక్ దొరవల్ల వచ్చినదే. సముద్రపు అడుగున గడ్డి మేస్తూ బ్రతికే కడలిఆవులు ఇక్కడ ఉన్నవి. వాటి రక్షణకు తమిళనాడు ప్రభుత్వం 2022లో తంజావూరు, పుదుక్కోట జిల్లాల తీరాన 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని కేటాయించినది. కడలిఆవు కనిపిస్తుందేమోనని పిల్లలు గంటసేపు నీళ్ళవంక చూస్తూ కూర్చున్నారు. కనిపించలేదు. మేము వెళ్ళిననాడు గోపురం పై అంతస్తులకు ఎవరినీ పోనివ్వలేదు. పిల్లలకు అదొక లోటు.

పెద్దమ్మ లేచి మళ్ళీ ఒకసారి తెలుగు పలక దగ్గరికి పోదామన్నది. చేయిపట్టుకొని తీసుకొనిపోయినాము. "ఇన్ని భాషలు ఎందుకు చెక్కించినాడు? అరవనాడు గదా ఇది?" అన్నది.

దీనికి మాత్రం మాకు జవాబు తెలుసును. తంజావూరు 1532 మొదలు 1673 వరకు మన నాయకరాజుల రాజధాని. రఘునాథనాయకుడు, విజయరాఘవనాయకుడు తెలుగులో కావ్యాలూ నాటకాలూ వ్రాసినవారు. తరువాత వచ్చిన మరాఠా రాజులు మరాఠీ మాట్లాడేవారైనా ఆ మర్యాదను తీసివేయలేదు. శాహజీ మహారాజు తానే తెలుగు యక్షగానాలు రచించినాడు. ఈ గోపురం లేచేనాటికి త్యాగరాజస్వామికి నలభైయేడేండ్లు, తిరువయ్యారులో ఉన్నారు. శ్యామశాస్త్రిగారు తంజావూరిలోనే ఉన్నారు. రాతిమీద ఐదు భాషలు చెక్కించినాడంటే, ఆ ఐదింటినీ చదివేవారు ఆనాడు ఈ సీమలో ఉన్నారన్నమాటే గదా! మన భాషను ఎవరో దయతలచి ఆ వరుసలో చేర్చలేదు. చదివేవారున్నారు గనుక చేర్చినారు.

అదే మా మనసులో ముల్లులాగ నాటుకొన్నది. మనోరా అన్న పేరును ఎవరూ రాతిమీద చెక్కలేదు, రెండువందల ఏండ్లుగా నోళ్ళలో బ్రతికి ఉన్నది. తెలుగు అక్షరాలను రాతిమీద చెక్కినారు, ఎదుట నిలబడిన తొమ్మండుగురు తెలుగువారిలో ఏడుగురికి అవి గీతలు మాత్రమే. మాట నోట ఉన్నంతకాలం పోదు, నిజమే. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నంతవరకు భయం లేదని మేమూ అనుకొంటూ వచ్చినాము. కాని పెద్దమ్మ ఎనభై ఏండ్లు తెలుగు మాట్లాడి కూడ, తండ్రి వేలుపెట్టి చూపిన నాలుగు పంక్తులు వినడానికి ఇంకొకరి నోటివంక చూడవలసి వచ్చినది. మేము కూడ లేకపోతే ఆమె ఎవరిని అడిగేది? మా తరువాత మా చిన్నవాడు ఎవరిని అడిగేది?

తిరుగుదారిలో ఒరత్తనాడు దగ్గర కాఫీకి ఆగినాము. అక్కడ మా చిన్నవాడు, "మనోరా తెలుగులో ఎట్లా వ్రాస్తారు?" అని తానే అడిగినాడు. చేతిసంచిలో ఒక పెళ్ళి శుభలేఖ ఉండగా దాని వెనుకవైపు వ్రాసి చూపినాము. మూడే అక్షరాలు. ఒకటి తలకట్టుతో, రెండవది ఓత్వంతో, మూడవది దీర్ఘంతో. వాడు నాలుగైదుసార్లు దిద్దినాడు. రెండవ అక్షరం వంకర పోయినది, మిగతావి బాగానే కుదిరినవి.

పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకొని ఆ కాగితం తన వైపు లాక్కొన్నది. "ఆ కలం ఇట్లా తే" అన్నది. చేయి వణుకుతూ ఉన్నా, మ అనే అక్షరాన్ని మెల్లగా దిద్దినది. తమిళంలో వ్రాసి వ్రాసి అలవాటైన చేయి, తెలుగు గుండ్రన తిరగడానికి కొంచెం మొరాయించినది. మూడు అక్షరాలూ పూర్తిచేసి, "మా నాయన చూచి ఉంటే సంతోషించేవాడు" అన్నది. ఇంకేమీ అనలేదు.

ఆ శుభలేఖ ఇప్పుడు మా ఇంట్లో కాలెండరు పక్కన మేకుకు తగిలించి ఉన్నది. ప్రతి ఆదివారం భోజనాలయిన తరువాత ఇద్దరు విద్యార్థులు పలకలు పట్టుకొని కూర్చుంటున్నారు. ఒకరికి పదేళ్ళు, ఒకరికి ఎనభై దాటినవి. ఇప్పటికి గుణింతాలదాకా వచ్చినాము. పాఠకులలో ఎవరైనా మనోరా చూడబోతే తెలుగు పలక దగ్గర కొంచెంసేపు నిలబడండి, వెంట పిల్లలుంటే వారిచేత చదివించండి. రానున్న సంక్రాంతికి మేము మళ్ళీ పోదలచినాము. ఈసారి చదివేది మేము కాదు.